మీసాలాయన పిండికట్టు

జనవరి 28

సూట్‌కేసు మళ్ళీ సర్దాను. బట్టలు, ఉన్ని కోటు, డిగ్రీ పట్టా. రాజధానిలో పాత పత్రాలు భద్రపరిచే కార్యాలయానికి దరఖాస్తు పెట్టి చాలా కాలమైంది. రైళ్ళన్నీ సైన్యాన్ని మోస్తున్నాయి కాబట్టి జవాబు ఆలస్యమవుతోంది, అంతే. వచ్చే నెల వెళ్ళిపోతాను.

అప్పటిదాకా నాయకుల ప్లాస్టర్ తలకాయలు పోసే పెదనాన్న షెడ్డు. చరిత్రలో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, చరిత్రకి ముక్కులు నున్నగా చేసి పెడుతున్నాను.

ఇవాళ ఇప్పటాయన ఎడమ చెంప మీద బుడగలు తేలాయి. ప్లాస్టర్ పోశాక అచ్చుని చేత్తో తడుతూ ఉండాలి, లేకపోతే గాలి లోపలే ఉండిపోతుంది. తట్టాల్సింది నేనే. కిటికీలోంచి రొట్టెల దుకాణం ముందు క్యూ చూస్తూ మరిచిపోయాను. దేశాధినేతకి మశూచి వచ్చినట్టయింది.

పెదనాన్న తిట్టలేదు. "పూడ్చేయ్, చదువులమ్మా. ఆయనొచ్చి చూసుకోడు. ఆయన తరఫున చూసేవాళ్ళు వేరే ఉన్నారు" అన్నాడు.

పూడ్చాను. ఎంత మచ్చలేని మనిషైపోయాడో.

జనవరి 31

ట్రాము డ్యూటీ మధ్యలో అక్క వచ్చింది. కండక్టరు టోపీ తీసి వెనక షెడ్డులో మీసాలాయన నెత్తిన పెట్టి, ఆయన పక్కనే కూర్చుని రొట్టె తింది.

వెనక షెడ్డులో పదవి పోయినవాళ్ళుంటారు. నాయకుడు మారినప్పుడల్లా బళ్ళూ, పోస్టాఫీసులూ, ట్రాము డిపోలూ పాత తలకాయని మాకు తిప్పి పంపి కొత్తది తీసుకుంటాయి. తిరిగొచ్చినవాటిని పగలగొట్టాలని, మాకు ప్లాస్టర్ బస్తాలు సీలేసి పంపే ప్రభుత్వ శాఖవాళ్ళ ఉత్తర్వు. పెదనాన్న ఒక్కదాన్నీ పగలగొట్టలేదు. ఒక గోడంతా మీసాలాయన, మిగతా గోడలన్నీ ఆయన తర్వాత వచ్చిన కళ్ళజోడాయన. మీసాలాయన దేశానికి కడుపునిండా పెట్టి యుద్ధంలోకి దింపాడు. కళ్ళజోడాయన యుద్ధం ఆపి దేశాన్ని దివాలా తీయించాడు. ఇప్పటాయన రెండు పనులూ ఒకేసారి చేస్తున్నాడు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడవు.

"ఏమే కందిరీగా, వీళ్ళందరూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నారేంటే?" అంది అక్క. కారణం ఆమెకీ తెలుసు. నా చేత చెప్పించుకోవడం సరదా.

చెవులు. తాతయ్య మొట్టమొదటి అచ్చు చేసినప్పుడు, ఫోటోలో నాయకుడి చెవులు టోపీ కింద దాక్కున్నాయట. అద్దంలో తన చెవులు చూసుకుని చేసేశాడు. అచ్చులో చెవులూ మెడా విడి ముక్కలు. నాయకుడు మారితే మొహం ముక్క ఒక్కటే మారుస్తాం. కాబట్టి ఈ దేశాన్ని ఏలినవాళ్ళందరికీ మా తాతయ్య చెవులే.

"అందుకే ఎవరికీ మన మాట వినబడదు. తాతయ్యకి చెవుడు కదా" అంది అక్క. రొట్టె ముక్క గొంతుకి అడ్డంపడేదాకా నవ్వింది.

ట్రాములో టికెట్లు ఇవ్వడం మానేశారట. టికెట్టు కాగితం టికెట్టు కంటే ఖరీదైపోయింది. మరి నువ్వేం చేస్తున్నావంటే, "గంట కొడుతున్నా. గంట వినిపిస్తుంటే జనానికి ఇంకా ఏదో నడుస్తోందనిపిస్తుంది" అంది. అమ్మకి ఆసుపత్రిలో జీతం బదులు సబ్బులిస్తున్నారు. పోత అంటుకోకుండా ఆ సబ్బే అచ్చుల లోపల రాస్తున్నాం. నాయకులు శుభ్రంగా బయటికొస్తున్నారు.

ఫిబ్రవరి 4

వంతెన దగ్గర బాంబు పడింది. అక్క ట్రాము బోర్లాపడింది. అక్క బతికే ఉంది.

కాలు.

ఫిబ్రవరి 5

అమ్మ ఎముకల వార్డులోనే నర్సు. ఎవరి కాలు చూసినా ఆమె మొహం మారదు. డాక్టరు గారు అక్క కాలు లాగి ఎముక సరిచేస్తుంటే, అమ్మ అక్క భుజాలు అదిమిపట్టుకుని, "స్టాపులు చెప్పు. వరసగా చెప్పు" అంది. అక్క డిపో దగ్గర మొదలుపెట్టింది. చేపల మార్కెట్టు దాకా వచ్చి అక్కడ అరిచింది. అమ్మ "తర్వాత?" అంది. మొహం మారలేదు.

మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. కదలకుండా పట్టి ఉంచాలంటే పిండికట్టు వేయాలి. ఆసుపత్రిలో ప్లాస్టర్ పొడి లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు. వార్డులో అందరి కాళ్ళూ చెక్కలకి కట్టి ఉన్నాయి. కుర్చీ కోళ్ళు, తలుపు పలకలు, ఒకాయనకి పియానో మూత. తుమ్మితే చెక్క కదులుతుంది, దాంతోపాటు ఎముకా కదులుతుంది, కదిలినచోటే అతుక్కుంటుంది. కిటికీ పక్క మంచంలో టైలరు ఉన్నాడు. ఆయన కాలు చెక్కల్లోనే అతుక్కుంది. నిన్న లేపి నిలబెడితే పాదం గోడవైపు తిరిగి ఉంది. "కుట్టు మిషను తొక్కగలనా అమ్మా?" అని అమ్మని అడిగాడు. అమ్మ ఆయన దుప్పటి సర్దింది.

డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచారు. "ఈ వారం, మహా అయితే పై వారం. ఈలోపు గట్టిగా పట్టి ఉంచేదేదైనా దొరికితే మీ అక్క మళ్ళీ ట్రాములో నిలబడుతుంది. లేకపోతే వంకరగా అతుక్కుంటుంది, మళ్ళీ విరిచి కట్టాలి. అప్పటికి నేనిక్కడ ఉంటానో, సరిహద్దులో ఉంటానో."

అక్కకి చెప్పలేదు. అక్క కూర్చుని చేసే పని ఏదీ నేర్చుకోలేదు. కూర్చోవడమే నేర్చుకోలేదు.

ప్లాస్టర్ పొడి. మా షెడ్డులో బస్తాల మీద బస్తాలున్నాయి.

ఫిబ్రవరి 6

"ఒక్క బస్తా, పెదనాన్నా."

"సీలుంది."

"ఊడిపోయిందని చెబుదాం."

"బస్తాకి ఎన్ని తలకాయలు దిగాలో శాఖవాళ్ళకి నాకంటే బాగా తెలుసు. అద్దాల వీధిలో మనలాంటివాడే ఒక బస్తా విప్పి ఇంటిగోడ పగుళ్ళు పూడ్చుకున్నాడు. ఇప్పుడెక్కడున్నాడో వాళ్ళావిడకే తెలీదు."

అమ్మ గుమ్మంలో నిలబడి వింది. "బావగారూ, ఇది గోడ కాదు" అని, లోపలికి వెళ్ళిపోయింది.

పెదనాన్న అచ్చుకి సబ్బు రాస్తూనే ఉన్నాడు. రాసినచోటే మళ్ళీ రాశాడు. అక్క ఉద్యోగం కోసం డిపో చుట్టూ తిరిగిన మనిషి. నాన్న పోయాక మా ముగ్గుర్నీ ఈ ఇంటికి తెచ్చుకున్న మనిషి.

నాకు పెదనాన్న మీద కోపం లేదు.

ఫిబ్రవరి 7

నాకు పెదనాన్న మీద కోపం లేదు. పొద్దున ఆయనకి టీ ఇవ్వడం మరిచిపోయాను, అంతే.

మధ్యాహ్నం ఊరికే వెనక షెడ్డులోకి వెళ్ళాను. మీసాలాయన నెత్తిన అక్క టోపీ ఇంకా అలాగే ఉంది. దాన్ని తీస్తుంటే తట్టింది. నాన్న ఉన్నప్పుడు, పగిలిన ముక్కుల్ని పారేయకుండా నూరి, పెనం మీద వేయించేవాడు. లోపలి నీళ్ళు ఆవిరైపోయి అది మళ్ళీ కొత్త పొడిలా అయ్యేది. నీళ్ళు కలిపితే మళ్ళీ గట్టిపడేది. దాంతోనే బుడగలు పూడ్చేవాళ్ళం.

నాలుగు గోడల నిండా పొడి. సీలు లేనిది.

ఫిబ్రవరి 8

పెదనాన్నకి చెప్పాను. చేతిలో పని ఆపి నా వంక చూశాడు, ఇంట్లో దొంగ దొరికినట్టు.

"వాళ్ళు తిరిగొస్తారే" అన్నాడు. "మీసాలాయన ఒకసారి దిగిపోయి మళ్ళీ ఎక్కలేదూ? అప్పుడు ఉత్తర్వు విని పగలగొట్టి ఉంటే ఏమయ్యేది? తిరిగొచ్చినవాళ్ళందరికీ ఇంకో పూత రంగు వేసి పంపాను. నీ కాలేజీ ఆ రంగు మీదే నడిచింది, తెలుసా? నోట్లు చిత్తుకాగితాలయ్యాయి. బ్యాంకు తలుపులేసుకుంది. నాకు మిగిలింది ఆ గోడే."

"అడగడం లేదు పెదనాన్నా. చెబుతున్నాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కుర్చీలో కూర్చుని చేతుల మీద ఎండిన ప్లాస్టర్ గిల్లుకుంటూ ఉండిపోయాడు. తర్వాత అన్నాడు: "కళ్ళజోడాయన్ని తీసుకో. ఆయన్ని ఎవరూ వెనక్కి పిలవరు. మీసాలాయన జోలికి మాత్రం పోకు."

ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడో. మంచి మనిషి. నేనే తొందరపడి ఏదేదో అనుకున్నాను. సాయంత్రం టీ నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

ఫిబ్రవరి 9

ఎదురుగా రొట్టెలావిడ. పొద్దున నాలుగు తట్టల పిండి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మధ్యాహ్నానికి పొయ్యి ఖాళీ. విషయం చెప్పగానే ముందు కళ్ళజోడాయన మొహం రెండు చేతుల్తో పట్టుకుని చూసింది.

"ఈ మహానుభావుడి పుణ్యమా అని మా ఆయన దాచుకున్నదంతా ఒక్క రొట్టెకి సరిపోయింది. నా పొయ్యిలో వేస్తానని అప్పుడే ఒట్టేసుకున్నా. ఇంత ఆలస్యంగా వస్తాడనుకోలేదు. తీసుకురా" అంది.

రంగు గీకడం, పగలగొట్టడం, నూరడం, జల్లెడ పట్టడం. మొదటి పళ్ళెం రొట్టెల వేడిలోనే పెట్టాం, మాడి చచ్చింది. నీళ్ళు పోస్తే బురదలా ఉండిపోయింది. రొట్టెలావిడ పొయ్యి చల్లార్చి, లోపల కాగితం ముక్క పెట్టి చూసింది. కాగితం నల్లబడకూడదు, ఊరికే రంగు తిరగాలి. రెండో పళ్ళెంలో పొడి పాలు పొంగినట్టు కుతకుతలాడింది. ఆవిరంతా పోయాక మెత్తగా పడుకుంది.

గిన్నెలో కలిపి చూశాను. గట్టిపడింది. కాస్త ఆలస్యంగా గట్టిపడింది. చలి కదా.

ఫిబ్రవరి 10

పొడికి తేమ తగలకూడదు. బస్తాలో తీసుకెళ్తే వంతెన మీద ఆపుతారు. ఇంట్లో గట్టిగా మూతపడే పెట్టె నా సూట్‌కేసు ఒక్కటే. బట్టలు తీసి మంచం మీద పెట్టాను. రేపు మళ్ళీ సర్దుకుంటాను.

వంతెన మీద సిపాయి తెరిపించాడు. "పిండా?" అన్నాడు, కళ్ళు పెద్దవి చేసి. వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకున్నాడు. పక్కకి ఊశాడు.

"ఇదేం పిండి?"

"పిండికట్టు పిండి."

"మా అమ్మ రొట్టెలు ఇంతకంటే గొప్పగా ఏం ఉండేవి కావులే" అని పోనిచ్చాడు.

ఫిబ్రవరి 11

వేశారు. పల్చటి గుడ్డ పట్టీల్లోకి అమ్మ నేనూ పొడి రుద్ది చుట్టలు చుట్టాం. డాక్టరు గారు ఒక్కొక్కటీ నీళ్ళలో ముంచి అక్క కాలికి చుట్టారు. వార్డు మొత్తం మెడలు సాచి చూసింది. అక్క తొడ నుంచి పాదం దాకా తెల్లగా, విగ్రహంలా. "చెవులు కూడా పెట్టండి డాక్టరు గారూ, లోటెందుకు" అంది.

ఫిబ్రవరి 12

ఇంకా కొంచెం మెత్తగా ఉంది. తడి వాతావరణం.

ఫిబ్రవరి 13

తడి వాతావరణం.

ఫిబ్రవరి 14

పొద్దున అక్క మోకాలి దగ్గర గీరుకుంటే వేలు లోపలికి దిగిపోయింది. అమ్మ దుప్పటి తీసింది. నానిన రొట్టెలా పొరలు పొరలుగా ఊడి వస్తోంది. లోపల పాదం పక్కకి ఒరిగి ఉంది.

డాక్టరు గారు మళ్ళీ లాగి సరిచేశారు. ఈసారి అక్క స్టాపుల పేర్లు చెప్పలేదు. కళ్ళు మూసుకుని ఉంది. అయిపోయాక అడిగింది, డాక్టరు గార్ని కాదు, నన్ను:

"నిజం చెప్పవే. నేను మళ్ళీ నిలబడతానా?"

"నిలబడతావు."

"టైలరుకీ అలాగే చెప్పారట."

డాక్టరు గారు బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ అన్నారు: "ఈ మూడు నాలుగు రోజులే. ఇంకా గట్టిపడలేదు కాబట్టి నా మాట వింటోంది ఎముక. తర్వాత వినదు."

ఫిబ్రవరి 15

పొయ్యి వేడి సరిగ్గానే ఉంది. నూరడం సరిగ్గానే ఉంది. పొద్దుటి నుంచి బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

డిగ్రీ చివరి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. కళ్ళజోడాయన హయాంలో డబ్బు విలువ ఎందుకు పడిపోయింది, దాని ఫలితాలేమిటి. నేను పేజీలకి పేజీలు రాశాను. పాలల్లో నీళ్ళు, మందుల్లో పిండి, పిండిలో సుద్ద కలిపారని రాశాను. మంచి మార్కులు వచ్చాయి. మా షెడ్డు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. చరిత్రలో మా షెడ్డు కూడా ఉంటుందని నాకు తట్టలేదు.

పెదనాన్న భోజనం చేస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డాను.

"కళ్ళజోడాయనలో సుద్ద ఎంత?"

ముద్ద నోటి దగ్గర ఆగింది. "ఏ ఏడాదిది?" అన్నాడు.

"చివరి ఏడాది."

"సగం పైనే."

అమ్మ చేతిలోని గరిటెని గిన్నెలో పెట్టిన చప్పుడు వినిపించింది.

"తెలిసే ఇచ్చారు" అన్నాను.

"పొయ్యిలో వేస్తే పోతుందేమో అనుకున్నానే. నిజంగానే అనుకున్నా." ఆయన అమ్మ వైపు చూశాడు, నా వైపు కాదు. "పైన రంగేసి అమ్మే దానిలో సుద్దుంటే ఎవరికి నష్టం అనుకున్నా. విగ్రహం కాలు మీద నిలబడేది కాదు కదా."

నేను వెళ్ళి సుత్తి తీసుకున్నాను. వెనక షెడ్డులో మీసాలాయన గోడ ముందు నిలబడ్డాను. ఆయన కాలంలో సుద్ద కంటే ప్లాస్టరే చవకగా దొరికేది. అది కూడా నేనే రాశాను, ఇంకో జవాబులో. సుత్తి ఎత్తాను. చెప్పొద్దూ, చెయ్యి ఆగింది. చిన్నప్పుడు బళ్ళో రోజూ పొద్దున ఆ మొహం ముందే నిలబడేవాళ్ళం.

వెనక నుంచి పెదనాన్న సుత్తి అందుకున్నాడు. లాక్కున్నాడేమో అనుకున్నాను.

"అలా కొడితే పొడంతా నేలపాలవుతుంది" అన్నాడు. గోనెపట్టా పరిచాడు. మొదటి తలకాయని దాని మీద పడుకోబెట్టి, ముందు చిన్న ఉలితో రెండు చెవులూ జాగ్రత్తగా ఊడదీసి కిటికీ అంచు మీద పెట్టాడు. తర్వాత ఒకే దెబ్బ. ముక్క తీసి లోపలి వైపు నాకు చూపించాడు. మంచులా తెల్లగా ఉంది. వేలితో గీస్తే గీత పడలేదు.

"ఇదీ పోత అంటే" అన్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. దుమ్ము.

ఫిబ్రవరి 16

మీసాలాయన మీద రెండు పూతల రంగు. ఒకటి మొదటిసారి ఎక్కినప్పటిది, ఇంకొకటి తిరిగొచ్చినప్పటిది. పెదనాన్న, అమ్మ, నేను, రొట్టెలావిడ గీకుతూ కూర్చున్నాం. రొట్టెలావిడ, "ఈయన రాజ్యంలో నేను సన్నగా ఉండేదాన్ని" అంది. పెదనాన్న "మనందరం" అన్నాడు. అమ్మ ఆయనతో ఇంకా మాట్లాడలేదు. కానీ ఆయన కత్తి మొద్దుబారితే తన కత్తి ఇచ్చింది.

పొయ్యి చల్లారడానికి ఈసారి ఎవరం తొందరపడలేదు. గిన్నెలో కలిపి అరచేతిలో పోసుకున్నాను. నిమిషాల్లో బిగిసింది. బిగిసేటప్పుడు వేడెక్కింది, పిల్లి పిల్లని పట్టుకున్నట్టు. కళ్ళజోడాయన అసలు వేడెక్కనే లేదు. అప్పుడే తెలియాల్సింది. చలి అని రాసుకున్నాను. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను, అలాగే రాసుకున్నాను.

ఫిబ్రవరి 17

సూట్‌కేసు. వంతెన. అదే సిపాయి, ఈసారి రుచి చూడలేదు.

డాక్టరు గారు చుట్టడం పూర్తిచేసి చేతులు తీశారు. అందరం కాలు వంక చూస్తూ నిలబడ్డాం. అక్క పైకప్పు వంక చూస్తోంది.

"వేడెక్కుతోందే" అంది.

అమ్మ అరచెయ్యి కట్టు మీద పెట్టింది. చాలాసేపు తీయలేదు. డాక్టరు గారు వేలి కణుపుతో కొట్టారు. తలుపు కొట్టినట్టు వినిపించింది.

అప్పుడు మారింది అమ్మ మొహం.

ఫిబ్రవరి 24

పియానో మూత ఆయనకి వేశాం. మెట్ల మీంచి పడిన టీచరమ్మకి వేశాం. టైలరు తన కాలు మళ్ళీ విరవమని తనే అడిగాడు. "మీసాలాయనే దొరికితే విరవండి, కళ్ళజోడాయనైతే వద్దు" అన్నాడు. వార్డులో ఇప్పుడు అందరిదీ ఇదే భాష. ఎవరైనా కట్టుతో వస్తే "మీసాలా, జోడా?" అని అడుగుతున్నారు.

రోజూ మధ్యాహ్నం పొయ్యి, సాయంత్రం సూట్‌కేసు. నా బట్టలు మంచం మీంచి బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఎవరు పెట్టారో. నేనే పెట్టి ఉంటాను.

ఇవాళ పొడి చాల్లేదు. పెదనాన్న కిటికీ అంచు మీద వరసగా పేర్చిన చెవులన్నీ తెచ్చి గోనెపట్టా మీద పోశాడు.

"ఇవి తాతయ్యవి" అన్నాను.

"వేసేయ్. ఆయనకెలాగూ వినబడదు" అన్నాడు.

మార్చి 3

శాఖాధికారి వచ్చారు. ముందు షెడ్డులో ఇప్పటాయన బస్తాల సీళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. తర్వాత, మేం పిలవకుండానే, వెనక షెడ్డు తలుపు తోశారు. ఖాళీ గోడలు. తలకాయలున్నచోట గోడ మీద గుండ్రటి తెల్ల మచ్చలు.

"ఇక్కడ పాతవాళ్ళుండాలే" అన్నారు. అంటే ఇన్నేళ్ళూ తెలుసన్నమాట.

నేనన్నాను: "పగలగొట్టామండి. మీ ఉత్తర్వు ప్రకారమే."

"ముక్కలు చూపించండి."

"ఎముకల వార్డులో ఉన్నాయండి."

నవ్వుతున్నానేమోనని నా మొహం చూశారు. నవ్వడం లేదు. నడుచుకుంటూ తీసుకెళ్ళాను. పెదనాన్న వెనకాలే వచ్చాడు, అప్పటికే అరెస్టయినవాడిలా చేతులు ముందు కట్టుకుని. అధికారి మంచాల మధ్య మెల్లగా నడిచి టైలరు దగ్గర ఆగారు. కట్టు మీద పెన్నుతో తట్టారు.

"ఇదెవరు?"

"మీసాలాయనండి" అన్నాడు టైలరు. "మొదట్లో కాస్త వేడెక్కాడు గానీ ఇప్పుడు నిలకడగా ఉన్నాడు."

పక్క మంచాల్లో దగ్గులు. అధికారి నవ్వలేదు. "ఇప్పటి అధినేత గారివి ఇందులో ఏవీ లేవు కదా?"

"సీళ్ళు మీరే చూశారండి" అన్నాను.

వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, అమ్మని గొంతు తగ్గించి అడిగారు: "మణికట్టుకైతే ఎంత పొడి పడుతుంది?"

"ముందు మనిషిని తీసుకురండి" అంది అమ్మ.

రేపు తీసుకొస్తారట. వాళ్ళమ్మ. వంతెన బాంబు రోజు నుంచీ చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని తిరుగుతోందట.

ఇంటి గుమ్మంలో పెదనాన్న, "నా జీవితంలో మొదటిసారి ఉత్తర్వు పాటించానే" అన్నాడు.

మార్చి 19

రాజధాని నుంచి జవాబు వచ్చింది. వెంటనే వచ్చి చేరమన్నారు. సూట్‌కేసు ఖాళీ లేదని రాశాను.

మార్చి 20

నిజంగా అలా రాయలేదు. మర్యాదగానే రాశాను. అర్థం మాత్రం అదే.

ఏప్రిల్ 7

అక్క కట్టు కోశారు. డాక్టరు గారికి పిలుపు వచ్చింది, రేపు సరిహద్దుకి వెళ్తున్నారు. వెళ్ళేలోపు తనే కోస్తానన్నారు.

లోపల కాలు కర్రపుల్లలా సన్నబడి ఉంది. చర్మం పొట్టు రాలుతోంది. అక్క దాన్ని చూసి, "ఇదెవరిదే?" అంది. డాక్టరు గారు మోకాలి నుంచి మడమ దాకా బొటనవేలితో గీత గీసినట్టు నొక్కుకుంటూ వచ్చారు. ఎక్కడా ఆగలేదు. తల ఎత్తి అమ్మ వంక చూశారు. అంతే.

మంచం పట్టుకుని నిలబడింది. చెయ్యి వదిలింది. పాదం ముందుకే ఉంది, గోడవైపు కాదు. ఒక అడుగు వేసి ఆగింది.

"డిపో" అంది.

టైలరు తన మంచం మీంచి, "ఎక్కేవాళ్ళు ఎక్కండి" అన్నాడు.

మంచానికో స్టాపు. చేపల మార్కెట్టు దగ్గర కాస్త ఊగింది, అమ్మ చెయ్యి చాచింది, అక్క పట్టుకోలేదు. కిటికీ దాకా వెళ్ళింది.

ఏప్రిల్ 16

పొద్దున రేడియోలో ఇప్పటాయన లేడు. ఎవరో కొత్త గొంతు. యుద్ధం ఆగుతుందనీ చెప్పలేదు, సాగుతుందనీ చెప్పలేదు. బాధ్యత తీసుకున్నానని చెప్పింది. మధ్యాహ్నానికే పోస్టాఫీసువాళ్ళు ఇప్పటాయన తలకాయని తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

గోనెపట్టా పరిచి పగలగొట్టాను. ముక్క మీద గోరు పెడితే దిగింది. నూరి, రొట్టెలావిడ పొయ్యిలో వేసి, కలిపి చూశాను. వేడెక్కలేదు. ఇందులో పెదనాన్న ఏమీ కలపలేదు. సీలు వేసిన బస్తాలోంచి తీసింది తీసినట్టే పోశాం. సుద్ద సీలు లోపలే ఉంది.

అంటే ఆరోజు పెదనాన్న ఆ బస్తా విప్పి ఇచ్చి ఉంటే. పెదనాన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన ముందు నవ్వాడు. తర్వాత నేను. తర్వాత ఇద్దరం ఆపేశాం.

ఏప్రిల్ 20

కొత్తాయన ఫోటో వచ్చింది. పెద్ద నుదురు, చిన్న గడ్డం. చెవులు సరిగ్గా కనిపిస్తూనే ఉన్నాయి. పెదనాన్న ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, పాత అచ్చులోంచి చెవుల ముక్కలు తీసి కడిగాడు.

కొత్త బస్తాలతో పాటు శాఖాధికారే స్వయంగా వచ్చారు. వాళ్ళమ్మ చేతివేళ్ళు కదులుతున్నాయట. సంతకం పెట్టే ముందు నేను ఒక బస్తా విప్పమన్నాను. "సీలు" అన్నారాయన. "అందుకే మీ ముందు" అన్నాను. గుప్పెడు తీసి, నీళ్ళు కలిపి, ఆయన అరచేతిలోనే పోశాను. ముగ్గురం ఎదురుచూశాం. చాలాసేపు ఎదురుచూశాం.

"చల్లగానే ఉంది" అన్నారాయన.

"ఇది వెనక్కి తీసుకెళ్ళండి. మంచిది వచ్చేదాకా కొత్తాయనకి మొహం రాదు. పై ఆఫీసులో అలాగే చెప్పండి. అధినేత మొహం రాలిపోతే బావుండదని చెప్పండి."

ఆయన చెయ్యి దులుపుకోకుండానే బస్తాలు మళ్ళీ బండెక్కించారు.

పెదనాన్న, "పైన రంగేసేదానికి ఇంత పట్టుదల ఎందుకే? పిచ్చా?" అన్నాడు. ఊరికే అన్నాడు. ఆయనకి తెలుసు.

"ఈయన కూడా దిగిపోతాడు పెదనాన్నా. తిరిగి మన షెడ్డుకే వస్తాడు. అప్పుడు ఎవరి కాలికి కావాలో."

బయట గంట వినిపించింది. నాలుగో నంబరు ట్రాము, అక్కది. మా వీధి మలుపులో అవసరం లేకపోయినా రెండుసార్లు కొట్టింది.

మంచి బస్తాలు ఎప్పుడొస్తాయో తెలీదు. ఈలోగా నేను అచ్చుకి సబ్బు రాస్తున్నాను.